ఊట తిప్పని రోజులు

"నిన్న తిప్పావు కదా, సత్యా?" జాడీకి గొట్టం బిగిస్తూ అడిగారు డాక్టర్ వరూధిని.

"తిప్పానండి," అంది సత్యవేణి.

తిప్పలేదు. నిన్న తిప్పలేదు, మొన్నా తిప్పలేదు. రిజిస్టర్లో మాత్రం రెండు రోజులకీ శుభ్రంగా టిక్కు పెట్టి సంతకం చేసింది. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ డాక్టరుగారు అప్పటికే వెళ్లి కంప్యూటరు తెర ముందు కూర్చున్నారు. గోడగడియారం ఉదయం ఆరు చూపిస్తోంది. "ఇక వదులు," అన్నారావిడ. సత్యవేణి కుళాయి వదిలింది.

బల్ల మీద గాజుపెట్టెలో ఒక మనిషి కిడ్నీ ఉంది. చెబితే తప్ప ఎవరూ పోల్చుకోలేరు. గోధుమరంగుకి తిరిగి, ముడుచుకుపోయి, చేతిలో పెట్టుకుంటే ఎండిన మామిడిటెంకంత తేలిగ్గా ఉంటుంది. పధ్నాలుగు నెలల కిందట లారీ ప్రమాదంలో పోయిన మనిషిది. ఇంటివాళ్లు ఏడుస్తూనే ఒప్పుకుని ఇచ్చారు. మామూలుగా అయితే ఎంత ఐసులో పెట్టినా ఒకటిన్నర రోజుకి పనికిరాకుండా పోవాల్సిందే. వరూధిని దాన్ని ఆరబెట్టి నిలవ చేశారు. మనిషి అవయవాన్ని అలా నిలవ చెయ్యడం అదే మొదలు. ఈరోజు దానికి మళ్లీ తడి ఎక్కించి, మధ్యాహ్నానికల్లా కింది అంతస్తులో ఉన్న తులసీరత్నం కడుపులో అమర్చాలి.

ఆ రత్నం కోసమే ఇదంతా. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ధవళేశ్వరంలో జాకెట్లు కుడుతుంది. నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు బస్సెక్కి రాజమండ్రి వచ్చి డయాలసిస్ చేయించుకుంటోంది. ఆమె రక్తం మహా పేచీకోరు, వెయ్యిమందిలో ఒకరి కిడ్నీ కూడా సరిపడదు. సరిపడ్డది ఒక్కటి దొరికింది. అది దొరికిన రోజున ఆమె న్యుమోనియాతో ఒళ్లు తెలియకుండా పడి ఉంది. తర్వాత ఆ జబ్బు, దాని వెనకాల ఇంకో జబ్బు, ఆపరేషనుకి తట్టుకునే ఒళ్లు తయారవడానికి ఇన్ని నెలలు పట్టింది. ఈలోగా డయాలసిస్ సూది గుచ్చడానికి పనికొచ్చే నరాలన్నీ అయిపోయాయి. మెడ దగ్గర ఒక్కటి మిగిలింది. అది ఇంకో పది రోజులు పనిచేస్తే గొప్ప అని డాక్టర్లు చెప్పేశారు.

కిడ్నీని ఆరబెట్టారని విన్నప్పుడు రత్నం ముందు నమ్మలేదు. డయాలసిస్ మంచం మీద పడుకుని, నెత్తుటి పరీక్ష కోసం వచ్చిన సత్యవేణి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఏమే సత్తివేణీ, నిజంగానే ఎండబెట్టేశారా? వడియంలాగా?"

"వడియం కాదక్కా, మాగాయలాగ. ముక్కకి ఉప్పు పట్టిస్తే ఊట దిగుద్ది కదా. పిండేసి ముక్కలు ఎండబెడతాం. మళ్లీ ఆ ఊటలోనే వేస్తే ముక్క పొంగుద్ది. ఇదీ అంతే. ఉప్పుకి బదులు ఒక రకం చక్కెర."

"మరి ఊట ఉంచారా, పారబోశారా?"

"అమ్మో, పారబోస్తే ఇంకేముంది! అసలంతా ఆ ఊటలోనే ఉంది. నీళ్లకేం, కణంలోకి పోతాయి, వస్తాయి, వాటికి అడ్డం లేదు. చక్కెరకి అలాక్కాదు, తలుపుంటేనే కదులుద్ది. ఆ తలుపులు మా మేడంగారు ప్రొటీనుతో తయారుచేశారు. ఆ తలుపుల్లోంచి చక్కెర లోపలికెళ్లి గడ్డకట్టి కూచుంది, నీళ్లు బయటికొచ్చేశాయి. ఎండేటప్పుడు తలుపులు కూడా ఊడి ఊటలో కలిశాయి. ఊట ఎక్కిస్తే అయ్యే వెళ్లి మళ్లీ అతుక్కుంటాయి."

"అతుక్కోపోతేనో?"

"నీళ్లు జొరబడతాయి, చక్కెర బయటికి రాదు. కణం ఉబ్బి పగిలిపోద్ది."

రత్నం కాసేపు కళ్లు పైకప్పుకి అప్పగించి ఆలోచించింది. తర్వాత పకపకా నవ్వింది. "సరేలే. నా మాగాయ జాగర్తే తల్లీ. బూజు పట్టించావో, చంపేస్తాను."

ఆ మాట ఆసుపత్రంతా పాకింది. ఆ రోజు నుంచి ఫ్రిజ్‌లో ఊట నిలవ ఉంచిన గాజుపాత్ర అందరికీ మాగాయ జాడీ అయిపోయింది. నర్సులూ అదే అన్నారు, వరూధినీ అదే అన్నారు. సరదాకి పెట్టిన పేరే. కానీ ఆ పేరు సత్యవేణి చేతులకి సంకెళ్లు వేసింది.

వాళ్లది ఆత్రేయపురం దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మే ఇల్లు. వేసవి వచ్చిందంటే పెరట్లో కాలు పెట్టే చోటుండదు, అన్నీ జాడీలే. ఆమెకి పధ్నాలుగేళ్లప్పుడు, బయట చేరి రెండో రోజున, ఎవరూ చూడకుండా ఒక మాగాయ జాడీ మూత తీసి ముక్క నోట్లో వేసుకుంది. వారం తిరిగేసరికి ఆ జాడీకీ, పక్క జాడీకీ బూజు పట్టింది. రెండు జాడీల పచ్చడీ కాలవలో కలిపేశారు. మామ్మ నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే కాదు, వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పెద్దయ్యాక సత్యవేణి ఎమ్మెస్సీ చదివింది. బూజు ఎందుకు పడుతుందో, తడిగరిటె ఏం చేస్తుందో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చదువు తలకెక్కింది. చేతుల్లోకి మాత్రం దిగలేదు.

ఊట జాడీని రోజూ తిప్పాలి. తలుపుల ప్రొటీను బరువైంది, కదపకపోతే అడుక్కి దిగి ముద్దకడుతుంది. మర పెట్టి తిప్పితే రెక్కలకి తగిలి చీలిపోతోంది, కుదిపితే నురగ కడుతోంది. అందుకని జాడీని రెండు చేతులతో ఒడిలోకి తీసుకుని నిదానంగా వందసార్లు అటూ ఇటూ తిప్పడమే పద్ధతి అని తేల్చారు. సోమవారం నుంచి శనివారం దాకా సత్యవేణి వంతు, ఆదివారం డాక్టరుగారి వంతు.

మొదటి నెల బయట చేరిన రోజున ఆమె ఫ్రిజ్ తలుపు తీసి, జాడీ మీద చెయ్యి వెయ్యబోయి, ఆగిపోయింది. 'పిచ్చిదానా, ఇది మాగాయ కాదు' అని తనని తాను తిట్టుకుంది. చెయ్యి కదలలేదు. రత్నం మాట చెవిలో గింగురుమంది. ఈ జాడీ పాడైతే మనిషి ప్రాణం పోతుంది, ఎందుకొచ్చిన రిస్కు, మూడు రోజులే కదా, తర్వాత ఇంకో వందసార్లు ఎక్కువ తిప్పితే సరి, అనుకుంది. రెండో నెలా అలాగే అనుకుంది. మూడో నెల నుంచి అనుకోవడం కూడా మానేసింది.

ఎంత దారుణమో చూడండి. రత్నాన్ని ప్రాణంగా చూసుకుంది కనకే ఆ పని చేసింది.

ఆరూ ఇరవై.

తెర మీద రెండు గీతలు పాకుతున్నాయి. నీలం గీత లోపలికి వెళ్లే నీళ్లది, పసుపు గీత బయటికి వచ్చే చక్కెరది. రెండూ కాడికి కట్టిన ఎడ్లలా పక్కపక్కన నడవాలి. మొదటి పదిహేను నిమిషాలు నడిచాయి. తర్వాత నీలం గీత పైకి లేచింది. పసుపు గీత ఉన్నచోటే చతికిలబడింది.

"ఇదేంటి?" వరూధిని ముందుకి వంగారు. "వేడి సరిగ్గానే ఉందా?"

"ముప్పై రెండు డిగ్రీలండి."

"ఒత్తిడి?"

"సరిగ్గానే ఉందండి."

సత్యవేణికి తెలుసు. గొట్టం జాడీ పైభాగంలోంచి ఊటని లాగుతోంది. పైనున్నవి వట్టి నీళ్లు. తలుపులన్నీ అడుగున ముద్దకట్టి కూర్చున్నాయి. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కాదు, ఒట్టు. డాక్టరుగారు ఏదో ఒకటి చేసి సరిచేసేస్తారు, ఇంకో నిమిషంలో పసుపు గీత లేస్తుంది, ఇక ఎప్పటికీ ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు అన్న ఆశ. ఆ ఆశ ఆమె నోరు నొక్కేసింది.

వరూధిని గొట్టం మార్చారు. వేడి ఒక డిగ్రీ పెంచారు, మళ్లీ తగ్గించారు. పసుపు గీత కదల్లేదు. గాజుపెట్టెలో కిడ్నీ పైభాగం లేతగా ఎరుపెక్కుతోంది. కింది భాగం మాత్రం తెల్లగా ఉబ్బిపోతోంది. కాసేపటికి ఆ తెలుపు మీద సన్నటి చెమటలా నీరు పట్టింది. కణాలు పగలడం మొదలైతే అలాగే ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

"భగవంతుడా," అన్నారు వరూధిని. ఆ మనిషి నోట అలాంటి మాట సత్యవేణి ఎప్పుడూ వినలేదు.

"ఆపండి మేడం!" అరిచేసింది. "ఆపెయ్యండి! జాడీ తిప్పలేదండి. నిన్నా మొన్నా తిప్పలేదు. తలుపులు అడుగునుండిపోయాయి."

వరూధిని చెయ్యి చాచి కుళాయి కట్టేశారు. తర్వాతే తల తిప్పి చూశారు. తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు.

"రెండు రోజులేనా?"

"నెలనెలా మూడేసి రోజులు. మొదటినుంచీ. ఆదివారాలు పోను మొత్తం ముప్పై ఎనిమిది రోజులండి."

"అంటే పాత ముద్దలు రాయైపోయి ఉంటాయి. అవి కరగవు." ఆవిడ తనలో తనే లెక్క కట్టుకుంటున్నారు. "కొత్తవి విడతాయి. తీసుకో జాడీ."

"నేనా అండి?"

"మరెవరు? ఆదివారాలు నేను తిప్పితే ఎంత? నీ చేతులకే తెలుసు దాని సంగతి. తియ్యి!"

"మేడం, ఈరోజు కూడా నేను…" అంది, మూడో రోజన్న మాట మింగేసి.

"సత్యా!" అని గద్దించారు వరూధిని.

ఆమె జాడీని రెండు చేతులా ఎత్తి ఒడిలోకి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. అడుగున బరువు పక్కకి ఒరగడం అరచేతులకి తెలుస్తోంది. ఇరవై. ముప్పై. బరువు కొంచెం జారింది. కళ్లలోంచి నీళ్లు కారి మాస్కు తడిసిపోయింది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వంద దాటాక ఊట రంగు మారింది, పలచటి మజ్జిగలా తెల్లబడింది. రెండొందలు. అడుగున నాలుగు గట్టి ముద్దలు మాత్రం గులకరాళ్లలా మిగిలిపోయాయి. అవి ఇక విడవవు.

వరూధిని ఒక చుక్క తీసి యంత్రంలో పెట్టి చూశారు. "మూడింట రెండు వంతుల కిడ్నీకే చాలతాయి తలుపులు. మొత్తానికి పంచితే మొత్తం పోతుంది." సన్నటి పట్టకారు తీసుకుని కింది భాగానికి వెళ్లే రక్తనాళాన్ని నొక్కి బిగించేశారు. ఉబ్బిన ఆ భాగాన్ని వదిలేసుకున్నట్టే. "ఇప్పుడు వదులు."

కుళాయి వదిలారు. ఐదు నిమిషాలు పసుపు గీత కదల్లేదు. ఆరో నిమిషంలో పసుపు గీత లేచింది. వెళ్లి నీలం గీతని అందుకుంది.

పదకొండు గంటలకి సర్జన్ భాస్కరరెడ్డి గారు వచ్చి చూశారు. మెల్లిగా తల పంకించారు. "ఇంత ముక్కతో నెట్టుకు రావొచ్చండి. కాకపోతే ఇరవై ఏళ్లు రావాల్సింది పదేళ్లే రావొచ్చు. అసలు పనిచెయ్యకపోనూవచ్చు. ఆవిడకి చెప్పి, ఒప్పుకుంటేనే కోత పెడతాను," అన్నారు.

చెప్పడానికి వరూధినీ సత్యవేణీ కిందికి వెళ్లారు. రత్నం పచ్చటి ఆపరేషను గౌనులో, జడ పైకి ముడేసుకుని, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని ఉంది.

"ఏమే, ఎలా ఉంది నా మాగాయ? పొంగిందా?"

వరూధిని గొంతు సవరించుకున్నారు. "రత్నంగారూ, నిలవ చెయ్యడంలో ఒక లోపం జరిగిందండి…"

"లోపం కాదక్కా, నేనే," అంది సత్యవేణి. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. జాడీ, నెలనెలా మూడు రోజులు, దొంగ టిక్కులు, పొద్దున్న ఆడిన అబద్ధం, గీతలు విడిపోయాక కూడా నోరు మూసుకుని నిలబడ్డ నిమిషాలు, అన్నీ చెప్పేసింది.

రత్నం మొహంలో నవ్వు ఎటుపోయిందో పోయింది.

"అంటే, నువ్వు బయటుండి ముట్టుకుంటే నా కిడ్నీ పాడవుద్దని ముట్టుకోలేదు."

"అవునక్కా."

"ముట్టుకోకపోబట్టే పాడైంది."

"అవునక్కా."

"ఎంత పని చేశావే!" అని అరిచింది రత్నం. "నాలుగేళ్లే! నాలుగేళ్లు గుక్కెడు నీళ్లు కొలుచుకుని తాగానే! అంత చదువు చదివి, ఈ తెల్లకోటేసుకుని… మా వీధిలో ముసలమ్మ చేసిందంటే సరే, నువ్వు చేస్తావా? పో! నా ఎదర నిలబడకు. పో అవతలికి!"

సత్యవేణి గుమ్మం దాటి గోడకి ఆనుకుంది. లోపల రత్నం ఏడుపు వినిపించింది. ఆ తర్వాత, "ఎక్కడెట్టాలండి సంతకం? ఒప్పుకోక చేసేదేముంది, ఇంకో నరం లేదుగా," అన్న మాట వినిపించింది.

ఆపరేషను నాలుగు గంటలు పట్టింది. బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. జరిగిందంతా రాసి, కింద సంతకం పెట్టిన కాగితం సత్యవేణి డాక్టరుగారి చేతికిచ్చింది. ఆవిడ చదివి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నారు.

"నాకు తెలుసు సత్యా," అన్నారు కాసేపటికి.

"ఏంటండి?"

"అప్పుడప్పుడూ ఆదివారం జాడీ ఎత్తితే అడుగు బరువుగా తగిలేది. ఆరో నెలలో అనుమానం వచ్చి క్యాలెండరు చూసుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులకోసారి. అర్థమైంది." ఆవిడ ఆపరేషను గది తలుపు వంకే చూస్తున్నారు. "పిలిచి అడగాలి కదా? అడగలేదు. రెండు మూడు రోజులకి పెద్ద తేడా రాదులే అని సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. మనసులో ఎక్కడో, పోనీలే, ఆ మూడు రోజులూ ముట్టుకోకపోవడం మంచిదేగా, అనిపించింది. నాకు. ముప్పై ఏళ్లు కణాల మీద పనిచేసినదానికి! ఎవరికి చెప్పుకోను?"

ఓదార్చాలో, నిలదీయాలో సత్యవేణికి తెలియలేదు. నిజానికి ఒక్క క్షణం ఒళ్లు మండిపోయింది. ఆ రోజు పిలిచి ఒక్క చీవాటు పెట్టి ఉంటే చేతులు దారికొచ్చేవేమో! వరూధిని కలం తీసి ఆ కాగితం మడత విప్పి, సత్యవేణి పేరు పక్కన తన పేరు రాసి సంతకం చేశారు.

మూడున్నరకి భాస్కరరెడ్డి గారు బయటికి వచ్చారు. "రక్తం వదలగానే ఎర్రబడిందండి. మూత్రం చుక్కలు వస్తున్నాయి. నిదానంగా, కానీ వస్తున్నాయి," అన్నారు.

చుక్కలు మర్నాటికి ధారైనాయి. మూడో రోజుకి మెడ దగ్గర సూది తీసేశారు. రత్నం మాత్రం సత్యవేణి పేరు ఎత్తలేదు. సత్యవేణి కూడా ఆ గదిలోకి వెళ్లలేదు. నెత్తురు తియ్యడానికి వేరే అమ్మాయిని పంపి, రిపోర్టులు కాగితాల్లోనే చూసుకుంది.

నాలుగో రోజు సాయంత్రం ఆ వరండాలో వెళ్తుంటే, రత్నం గది బయట గోడకి దూరంగా ఒక పిల్ల నిలబడి కనిపించింది. రత్నం కూతురు లిఖిత, తొమ్మిదో తరగతి. మాస్కు పెట్టుకుని, అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తోంది.

"లోపలికెళ్లకుండా ఇక్కడున్నావేంటమ్మా? ఒక్కరిని వెళ్లనిస్తున్నారుగా?"

ఆ పిల్ల తల దించుకుంది. "వద్దక్కా. నాకు రెండో రోజు. అమ్మకి కొత్త కిడ్నీ కదా… ఏమన్నా అవుద్దేమో. ఇక్కణ్నుంచే చూస్తాను."

నా ఎదర నిలబడకు అన్న మనిషి లోపలే ఉంది. వెళితే మళ్లీ అదే మాట అంటుంది, అనే హక్కు కూడా ఆమెకి ఉంది. అయినా సత్యవేణి పిల్ల చేతికి మందు రాసి శుభ్రం చేయించి, ఆ చెయ్యి పట్టుకుని, తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

రత్నం దిండుకి జారబడి ఉంది. సత్యవేణిని చూడగానే మొహం గట్టిపడింది.

"నిన్ను రావద్దన్నాను."

"వెళ్లిపోతానక్కా. పాప బయటే నిలబడింది. దూరంగా ఉందంట. నీ కిడ్నీ కోసం."

రత్నం కూతురి వంక చూసింది. "ఎవరు చెప్పారే నీకు, మీ మామ్మా?"

"మామ్మెందుకు చెబుద్ది? నువ్వే కదమ్మా చెప్పావు," అంది లిఖిత, అందులో తప్పేముందన్నట్టు. "పోయినేడు. పూజగదిలోకెళ్లకు, పచ్చడి ముట్టుకోకు, చంటిపిల్లలున్న ఇంటికెళ్లకు, అన్నావు. జబ్బు మనిషి దగ్గరికెళ్తే వాళ్లకి మంచిది కాదని కూడా నువ్వే అన్నావు."

రత్నం కళ్లు సత్యవేణి మీదికి వెళ్లి, అక్కడ నిలవలేక మళ్లీ పిల్ల మీదికి వచ్చాయి.

"నీ మీద కోపం పోలేదు సత్తివేణీ," అంది చివరికి. "పోద్దని కూడా చెప్పను."

"తెలుసక్కా."

"ఇలా రావే లిఖితా."

పిల్ల రెండడుగులు వేసి ఆగింది. "నిజంగా రానా? ఏమన్నా అయితేనో?"

"ఏమవుద్దో నేను చూసుకుంటాను. రా."

లిఖిత మంచం అంచున, ఉందో లేదో అన్నట్టు కూర్చుంది. రత్నం సూది లేని చేత్తో పిల్ల చెయ్యి అందుకుని, దుప్పటి పక్కకి లాగి, పొట్ట మీద కట్టు కట్టిన చోట ఆ చేతిని ఆనించింది. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి లాక్కోబోయింది. రత్నం వదలలేదు.